సుగుణక్క నడిపిన రైఫిల్ కేసు

సుగుణక్క ఇక లేరు. ఇంత చిన్న వాక్యం రాయడానికి నాకు ఇన్ని రోజులు పట్టింది. ఖమ్మం నుంచి ఆమె తమ్ముడు శ్రీనివాస్ గారు ఫోన్ చేసినప్పుడు నేను మా పాప ఆద్యకు స్వెటర్ తొడుగుతున్నాను. దాని ఒక చెయ్యి లోపల, ఒక చెయ్యి బయట ఉండగానే ఫోన్ ఎత్తాను. "మాధవి గారూ, ఆస్పత్రి వాళ్లు ఇప్పుడే చెప్పిన్రండి. అక్క పోయింది" అన్నారాయన. పాప "మామా, కాల్ట్" అని, అమ్మా చలి అని జర్మన్ భాషలో గోల చేసింది. ఆ ఆస్పత్రి మా ఇంటి నుంచి బస్సులో వెళ్లి వచ్చే దూరంలో ఉంది. ఇక్కడ జర్మనీలో, పైవాటాలో మేము, కింది వాటాలో ఆమె, ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో బతికాం. అయినా ఆ వార్త ముందు ఖమ్మం వెళ్లి, అక్కడి నుంచి తిరిగి నాకు చేరింది. రక్తసంబంధం లేనివాళ్లకు చెప్పకూడదట. ఎవరిమీద కోప్పడాలో కూడా తెలియని కోపం అది.

ఇంగోల్‌స్టాట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆ సాయంత్రమే చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి. వాటి వెనకే ఒకరు అడిగారు: "ఆవిడ ఇంట్లో మెషిన్ గన్ ఉండేదట కదా, నిజమేనా?" ఇంకొకరు సర్దారు: "మెషిన్ గన్ కాదు, సెమీ ఆటోమేటిక్ అట." మూడో ఆయన, "ఒంటరి ఆడమనిషికి అదేం సరదా అండీ?" అన్నారు. ఆ తర్వాత ఎవరో తమ ఫ్లాటు ఖాళీ అవుతోందని, మీటె, అంటే అద్దె, ఎంతో, వంటగదితో సహా ఇస్తామని పెట్టేసరికి సంభాషణ అటు మళ్లింది. నేను ఏదో టైప్ చేసి, చెరిపేసి, ఫోన్ బోర్లించి పెట్టాను. ఆ రాత్రి పెట్టలేకపోయిన జవాబే ఈ వ్యాసం. పాప పడుకున్నాక కొంచెం కొంచెంగా రాస్తున్నాను.

అవును, సుగుణక్క ఇంట్లో సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఉండేది. కొన్ని వారాలు మాత్రమే, అదీ అరువుది. వేట లైసెన్సు ఉన్నవాళ్లు ఒకరి దగ్గర ఒకరు కొన్నాళ్లకు తీసుకోవడాన్ని ఇక్కడి చట్టం ఒప్పుకుంటుంది. దాన్ని ఉంచుకోవాలా వద్దా అని ఆమె ఆ వేసవంతా తనతో తనే పోట్లాడారు. అలాంటి పోట్లాట నేను ఇంతవరకు ఏ మనిషిలోనూ చూడలేదు. అది సరదా కోసం కాదు. ఓడితే ఆమెకు ఈ దేశంలో తనదనుకున్న ఒకే ఒక్క చోటు పోతుంది.

ఆ చోటు ఊరి చివర మొక్కజొన్న చేలకూ అడవికీ మధ్య ఉన్న ఒక కర్ర మంచె. ఆ అడవిలో వేట హక్కు సెప్ అనే ముసలి రైతుది. బవేరియా యాసలో తప్ప మాట్లాడరు, మాస్కు ఎప్పుడూ గడ్డం కిందే. అడవి పందులు రాత్రికి రాత్రే చేలు తవ్విపోస్తుంటే కాపలాకు ఆయన కొందరిని తోడు పెట్టుకునేవారు. సుగుణక్క వాళ్లలో ఒకరు. ఆమె ఇరవైల్లో ఎం.ఎస్. చదవడానికి వచ్చి, కార్లలో చప్పుడు తగ్గించే ఇంజినీరుగా స్థిరపడ్డారు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పి, నవ్వుకునేవారు. జర్మన్‌లో వేట పరీక్ష రాసి గట్టెక్కడం ఇక్కడ పుట్టినవాళ్లకే కష్టం. ఆమె మొదటిసారి తప్పి, రెండోసారి పాసయ్యారు. తప్పిన సంగతే ముందు చెప్పేవారు.

"ఎందుకక్కా మీకు ఇదంతా?" అని పరిచయమైన కొత్తలో అడిగాను.

"ఆఫీసుల నేను ఇండియన్‌ని. ఇండియన్ల దగ్గర పెండ్లిగానిదాన్ని. మంచె మీద ఏదీ గాను. జింక వచ్చి చూస్తది, పోతది. అది నన్ను ఏం అడగదు" అన్నారు.

ఆ కొత్తలోనే ఇంకో సంగతి. కింది వాటాలో తుపాకీ ఉందని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. పాపకు అప్పుడు నెలలు. మావారు కిరణ్ "లైసెన్సు ఉందిలే" అని అటు తిరిగి పడుకున్నారు. పొద్దున్నే పాపను చంకనేసుకుని కిందికి వెళ్లి, మొహమాటంగా నసుగుతూ చెప్పాను. వేరే ఎవరైనా నొచ్చుకునేవారు. ఆమె వెంటనే నన్ను లోపలికి తీసుకెళ్లి గోడకు బిగించిన ఉక్కు బీరువా చూపించారు. అంకెల తాళం, తూటాలు వేరే అరలో. "నొచ్చుకుంటరేమో అని అడగకుంటే నేను నీకు భయపడేదాన్ని. అడిగినవ్, మంచిపని చేసినవ్" అన్నారు. మర్నాడు నన్ను అడిగిన ప్రశ్న మాత్రం మర్చిపోలేను: "మీ ఇంట్ల బట్టల సబ్బు గోళీలు ఏడ పెడ్తున్నవ్?" సింకు కింద అని చెప్పాను. చూశారు. పాకే పిల్ల చేతికి అందే చోటది. ఆ సాయంత్రమే కిరణ్ చేత వాటిని పై అరలోకి మార్పించాను.

మహమ్మారి మొదలవడానికి కొన్ని వారాల ముందు ఆమె మంచు మీద జారి పడ్డారు. కుడి భుజంలో కండరం తెగింది. ఆపరేషన్ అయింది. భుజం మళ్లీ పని చెయ్యాలంటే వారం వారం ఫిజియోథెరపీ కావాలన్నారు. సరిగ్గా అప్పుడే లాక్‌డౌన్ వచ్చింది. ఫోన్ చేస్తే టెర్మిన్లు, అంటే అపాయింట్‌మెంట్లు, రద్దు. మళ్లీ చేస్తే ఆన్సరింగ్ మెషీన్. ఎలాగోలా ఒకటి దొరికితే, చికిత్స చేసే అమ్మాయి క్వారంటైన్‌లోకి వెళ్లింది. చివరికి ఆమె మెట్ల కటకటాలకు సాగే పట్టీ కట్టుకుని తనే చెయ్యి లాక్కునేవారు. పై నుంచి నాకు ఆ కటకటాలు కిర్రుమనడం వినిపించేది. పళ్లు బిగబట్టిన ఆ చప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేనూ ఆ రోజుల్లో అలాగే ఉండేదాన్ని. పాప వెళ్లే కిటా, ఇక్కడి పసిపిల్లల బడి, మూసేశారు. కిరణ్ పడకగదిలో మీటింగుల్లో. పాప నా కాలికి చుట్టుకుని. దగ్గు వస్తే భయం, తుమ్ము వస్తే భయం.

ఇక రైఫిల్ సంగతి. సుగుణక్కది పాత బోల్టు రైఫిల్. ప్రతి తూటాకూ చేత్తో బోల్టు లాగి, మళ్లీ తోసి కాల్చాలి. కాల్చినప్పుడల్లా భుజాన్ని గట్టిగా తంతుంది. ఆ తన్ను తగలకూడదని డాక్టరు ఖచ్చితంగా చెప్పారు. కానీ అందరూ కలిసి అడవిని కదిలించి చేసే శరదృతువు వేటకు ముందు ప్రతివాళ్లూ కదిలే గురి మీద కాల్చి చూపించాలి. సెప్టెంబరు లోపల ఆమె అది చూపించలేకపోతే, ఆమె మంచె సెప్ గారి మేనల్లుడికి. ఆ కుర్రవాడు అడిగి చాలాకాలమైందట. సెప్ గారే ఒక దారి చెప్పారు. సెమీ ఆటోమేటిక్ అంత గట్టిగా తన్నదు, నా స్నేహితుడి దగ్గర ఒకటుంది, తెచ్చి చూడు అని.

సుగుణక్కకు ఆ రైఫిలంటే మొదటి నుంచీ గిట్టదు. కానీ గిట్టదన్న కారణంతో ఏ నిర్ణయమూ తీసుకోకూడదన్నది ఆమె పద్ధతి. ఆఫీసులో ఏ కొత్త భాగం మీదైనా ఆమె ఒకరోజు దాని తరఫున, మర్నాడు దానికి ఎదురుగా వాదించేవారట. రెండూ ఒకే రోజు చెయ్యకూడదు, మధ్యలో ఒక నిద్ర ఉండాలి అనేవారు. ఈసారి ఆ కోర్టు మా ఇంటి దగ్గరే పెట్టారు. బాల్కనీలో నేను, కింద తోటలో కుర్చీ వేసుకుని ఆమె. ఎడం పాటించినట్టూ అయ్యేది.

"ఏమే మాధవీ, పోరి పండుకుందా? నువ్వు జడ్జివి. ఇయ్యాల నేను దాని వకీల్ని."

"నాకు తుపాకుల గురించి ఏం తెలుసక్కా?"

"తెలిస్తే జడ్జివి ఎందుకయితవ్? సాక్షివయితవ్. కూసో."

ఆ రోజు ఆమె దాని తరఫున వాదించిన తీరు చూస్తే ఆమెకు అదంటే గిట్టదని ఎవరూ నమ్మరు. పేలుడులో పుట్టే వాయువులో కొంత పక్కకు మళ్లి ఆ రైఫిల్‌ని అదే నడుపుకుంటుంది, అందుకే భుజానికి తన్నులాగా కాక తోపులాగా తగులుతుంది అన్నారు. కాలిన తూటా ఖాళీ గొట్టం దానంతటదే బయటికి పోయి, కొత్త తూటా దానంతటదే వస్తుంది. కన్ను గురి మీంచి తియ్యక్కర్లేదు, చెంప ఎత్తక్కర్లేదు. "జడ్జిగారూ, గురి తప్పి కాలికి తగిలిన పంది ఉంటదనుకో. నేను బోల్టు గుంజేలోపట అది పొదల్లకు పోతది. రాత్రంతా నొప్పితోని సస్తది. దీంతోనయితే రెండో తూటా అప్పుడే. దెబ్బ తిన్న జంతువు ముందట నా నీతులు ఎవనికి గావాలె? చప్పున కావాలె, అంతే."

మర్నాడు అదే కుర్చీలో ఎదుటి పక్షం. "అది బరువు. చలిల పూట పూట నిలబడాలె దాన్ని పట్టుకుని. ట్రిగ్గరు నా పాతదానిలాగ తేటగుండదు, గరుకు. వాయువు మసి లోపల పడ్తది, ప్రతిసారి విప్పి కడగాలె. ఇగ చప్పుడు. నింపేటప్పుడు దాని బోల్టును మెల్లగ వదిలితే సరిగ పట్టదు, ఫడేల్‌మని వదలాలె. ఊపిరి చప్పుడు వినిపించే అడవిల ఫడేల్‌మంటే ఎట్లుంటదో నువ్వే చెప్పు. నేను బతుకంత చప్పుడు తగ్గించి తిన్నదాన్ని."

"మరి అసలు అభ్యంతరం అదేనా?" అన్నాను. ఆమె గొంతులో ఇంకేదో ఉందనిపించింది.

"కాదు. రెండోది ఉందని వేలికి తెలుస్తది. మనసుకంటే ముందు వేలికే తెలుస్తది. అప్పుడు మొదటిది అంత జాగ్రత్తగ పోదు. తూటాల డబ్బల రెండు, తుపాకి గొట్టంల ఒకటి, అంతకు మించి వేటకు చట్టం ఒప్పుకోదు. మూడే. అయినా మూడు ఉన్నయన్న ధీమా వేరు, ఒక్కటే ఉందన్న భయం వేరు. నాకు ఆ భయం కావాలె."

నాకు అర్థమయింది. ఒక్క పాప ఉన్నదానికి ఆ భయం ఎలా ఉంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

గ్రూపులో ప్రశ్నలు వేసినవాళ్లకు ఇది తెలియదు. దానివల్ల ఎంత లాభమో, ఎంత నష్టమో ఆ ముగ్గురికంటే లోతుగా, వాళ్లకంటే నిజాయితీగా ఆమె తూచారు. తూచడానికి వీలైన ఏ ఒక్క మంచినీ దాచలేదు, ఏ ఒక్క చెడునూ పెంచి చెప్పలేదు.

ఆ రైఫిల్ వచ్చాక అసలు చిరాకు మొదలయింది. కాల్పుల మైదానం ఒకసారి తెరిస్తే రెండుసార్లు మూసేవారు. తెరిచిన రోజు ముందుగా టెర్మిన్ తీసుకోవాలి, ఒక వరస విడిచి ఒక వరసలో నిలబడాలి, తోడు వచ్చినవాళ్లు బయటే ఉండాలి. ఆమె భుజంతో కారు నడపలేరు కనుక నేను తీసుకెళ్లేదాన్ని. పాపను బండిలో తోసుకుంటూ అడవి దారిలో అటూ ఇటూ తిరిగేదాన్ని. లోపలి నుంచి చప్పుళ్లు వినిపించేవి. సెమీ ఆటోమేటిక్ రెండు తూటాల మధ్య ఊపిరి తీసుకునేంత వ్యవధి కూడా ఉండదు. పాప ప్రతిసారీ ఉలిక్కిపడి, తర్వాత చప్పట్లు కొట్టేది.

బయటికి వచ్చినప్పుడు ఆమె ముఖంలో గెలుపు లేదు, ఓటమి లేదు. "భుజానికి ఏం గాలే. దాని వకీలు నిజమే చెప్పిండు" అన్నారు కారెక్కుతూ. కాసేపటికి, "గురి మాత్రం ఎప్పటిలెక్కనే. ఎడమకు జరుగుతున్నది. ఈ రైఫిల్‌తో గూడ, ఆ రైఫిల్‌తో గూడ. అర్థమయితలేదు" అన్నారు.

అదే సమయంలో మా ఇంట్లో ఇంకో తగువు నడుస్తోంది. ఆద్య ఎడమ చేత్తో తింటుంది. చెంచా కుడిచేతిలో పెడితే ఎడమ చేతికి మార్చుకుని "ఆలైన్!" అంటుంది, తనే తింటానని. తెనాలిలో ఉన్న మా అత్తయ్య ప్రతి వీడియో కాల్‌లోనూ దాన్నే చూసేవారు. "ఏమ్మా మాధవీ, ఆ చెయ్యి చూడు. ఇప్పుడు మాన్పించకపోతే ఇంకెప్పుడు మానుతుంది? రేపు నలుగురిలో ప్రసాదం ఎడమ చేత్తో పడితే ఏం బావుంటుంది చెప్పు?" అని. ఆవిడ చెడ్డ మనిషి కాదు. పిల్లంటే ప్రాణం. ఆ ప్రేమే నాకు ఊపిరాడనిచ్చేది కాదు. రోజంతా నేను ఆ చేతినే గమనించేదాన్ని. చెంచా ఏ చేత్తో, క్రేయాన్ ఏ చేత్తో, బంతి ఏ చేత్తో.

అలా గమనించే కళ్లకే ఒకరోజు అది కనిపించింది. మా కిరణ్ ఆఫీసులో ఒకరికి పాజిటివ్ వచ్చి మేమంతా ఇంట్లోనే ఉండిపోయిన వారం. పాపకు పొద్దుపోక, వంటింటి కాగితం చుట్ట అయిపోతే మిగిలిన అట్ట గొట్టాన్ని దుర్భిణిలా పెట్టుకుని బాల్కనీ లోంచి చూస్తోంది. కింద తోటలో సుగుణక్క ఇంకో అట్ట గొట్టం తెచ్చి దానికి ఎదురు చూస్తున్నారు. ఒకరినొకరు చూసుకోవడం, దాక్కోవడం, నవ్వడం. పాప ఎడమ కంటికి పెట్టుకుంది. అప్పుడు కిందికి చూశాను.

"అక్కా, మీరు రైఫిల్ ఏ కంటితో చూస్తారు?"

"కుడి కంటితోని. ఎందుకే?"

"మరి అది ఎడమ కంటికి పెట్టుకున్నారేంటి?"

ఆమె గొట్టం దించి దానివంక చూశారు. మళ్లీ ఎత్తారు. మళ్లీ ఎడమ కంటికే వచ్చింది. కుడి కంటికి పెట్టుకోవాలంటే ఆమె ఆలోచించుకోవలసి వచ్చింది. ఆ తర్వాత బొటనవేలు చాపి చర్చి గోపురం మీద ఆనించి, ఏ కన్ను గురి పడుతోందో తేల్చుకోవడానికి ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి చూశారు. చాలాసేపు ఆ చేతిని దించలేదు. పాప పై నుంచి ఆట ఆపినందుకు ఏడుపు మొదలుపెట్టింది.

సాయంత్రం మెట్ల మీద, ఆమె అడుగు మెట్టున, నేను పై మెట్టున కూర్చున్నాం. "మా నాయనమ్మ అన్నం ముందట కూసోవెట్టి నా ఎడమ చేతికి తువ్వాల చుట్టేది" అన్నారు. "కోపంతోని గాదు. కొట్టలేదు, తిట్టలేదు. తువ్వాల మెత్తగుండేది. గట్టిగ గూడ గట్టేది కాదు. కొన్నాళ్లకు ఎడమ చెయ్యి అడగడం మానేసింది. నేను అంతా మర్చిపోయిన మాధవీ. నిజంగ మర్చిపోయిన. వేట పరీక్షల మాస్టరు 'ఏ చేతివాటం' అని అడిగితే గూడ కుడి అని చెప్పిన. అబద్ధం చెప్పినని తెల్వదు."

చేతికి తువ్వాల కట్టగలిగారు కానీ కంటికి ఎవరూ కట్టలేదు. ఇన్నేళ్లూ ఆమె కుడి భుజం మీద పెట్టుకుని, ఎడమ కన్ను చూస్తానంటుంటే దాన్ని మూయించి, కుడి కంటితో కాల్చారు. కదిలే గురి కోసం రెండు కళ్లూ తెరిస్తే ఎడమ కన్నే ముందు పట్టేది, గురి ఎడమకు జరగడానికి అదే కారణం. తెలుగిళ్లలో మంచి బుద్ధితో చేసే ఈ పని ఫలితం ఎక్కడో బవేరియా అడవిలో తేలుతుందని ఎవరనుకుంటారు?

విషయం చెబితే సెప్ గారు నిర్ఘాంతపోయి, తర్వాత కంచె పట్టుకుని నవ్వారట. ఆయన మాట ఆమే నాకు తెలుగులో చెప్పారు: "అంటే ఇన్నేండ్లు నా పందులు పొరపాటున సచ్చినయా?"

ఇక్కడితో కేసు తలకిందులయింది. ఎడమ భుజం ఆరోగ్యంగా ఉంది. దాని మీద పెట్టుకుంటే తన్ను సమస్యే కాదు. అంటే సెమీ ఆటోమేటిక్ పక్షాన ఉన్న పెద్ద వాదన పోయింది. పైగా అది కుడిచేతివాళ్ల కోసం చేసిన యంత్రం. ఎడమ భుజం మీంచి కాలిస్తే ఖాళీ గొట్టం ముఖం ముందు నుంచే ఎగిరిపోతుంది, వేడి వాయువు కళ్లద్దాలకు తగులుతుంది. అలాగని పాత రైఫిల్ సుఖం కాదు. దాని బోల్టు కుడివైపున ఉంది. ఎడమ చెయ్యి ట్రిగ్గరు మీంచి తీసి, పై నుంచి అవతలికి చాపి గుంజాలి. రెండో తూటా మీద ఆశ వదులుకోవలసిందే. ఎడమచేతివాళ్లకు చేసే రైఫిళ్లు ఉన్నాయి. కావాలంటే తయారై రావడానికి సంవత్సరం దాటవచ్చని దుకాణంవాళ్లు ఫోన్‌లో చెప్పారు.

చివరి వాదన రోజు జడ్జిగా నేను తీర్పు చెప్పాను. "సెమీ ఆటోమేటిక్ ఉంచుకోండక్కా. ఎడమ భుజం మీదే ఉంచుకోండి. గొట్టం ఎగిరితే ఎగరనివ్వండి. రెండో అవకాశం ఉన్నది ఎందుకు వదులుకుంటారు?" అన్నాను. నేను ఎప్పుడూ రెండో అవకాశం ఉన్న వైపే మొగ్గుతాను. పాపకు రెండు థర్మామీటర్లు కొన్న మనిషిని నేను.

"తీర్పు మంచిగుంది. వకీలు ఒప్పుకుంటలేదు" అన్నారు.

"అదేంటి, మీరు రెండు వైపులా వకీలే కదా?"

"రెండు దిక్కుల వకీళ్లు కల్సి జడ్జి తీర్పును కొట్టేస్తున్నరు. అప్పీలు లేదు." నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. నన్ను ఇన్ని రోజులు కూర్చోబెట్టి తీర్పు అడగడం ఎందుకు, కాదనడం ఎందుకు? అలా అనేశాను కూడా. ఆమె నొచ్చుకోలేదు. "నువ్వు ఎదురుంగ లేకుంటే నాకు నేనే ఒప్పుకునేదాన్ని. నీ మొఖం చూసుకుంట అబద్ధం చెప్పుడు కష్టం" అన్నారు. మర్నాడు రైఫిల్‌ని శుభ్రం చేసి తిరిగి ఇచ్చేశారు. ఇచ్చేటప్పుడు దాని యజమానితో అన్న మాట ఇది: "మంచి యంత్రం. నాకు సరిపోయే యంత్రం గాదు." నా దృష్టిలో ఆమె ఎవరి గురించి, దేని గురించి చెప్పినా ఇలాగే చెప్పేవారు. ఆ రెండు మాటల మధ్య ఉన్న తేడా తెలియకనే మనలో సగం మంది తగువులాడుకుంటాం.

ఆ తర్వాత యాభై దాటిన మనిషి కొత్తగా నేర్చుకోవడం మొదలుపెట్టారు. తూటాలు లేని రైఫిల్ ఎడమ భుజానికి ఆనించి, గోడమీద గీసిన గీత వెంట కదిలిస్తూ గంటల తరబడి. మైదానం మళ్లీ మూసేశారు, మళ్లీ తెరిచారు. ఒకసారి మేము వెళ్లేసరికి తలుపుకు కొత్త నిబంధనలు అంటించి ఉన్నాయి, లోపల ఎవరూ లేరు. పార్కింగులో కారాపి ఆమె స్టీరింగ్ మీద తల పెట్టుకున్నారు. అప్పటికి మళ్లీ తనే నడుపుతున్నారు. "విసుగొస్తున్నదే" అన్నారు. అంతే. ఆ మాట నేను ఆమె నోట అంతకు ముందు వినలేదు.

సెప్టెంబరులో ఆమె కదిలే గురి మీద కాల్చి చూపించారు. గొప్పగా ఏం కాదు, సరిపోయేంత. మంచె ఆమెకే ఉండిపోయింది. సెప్ గారి మేనల్లుడు మొహం ముడుచుకున్నాడట.

ఆ శరదృతువు వేటలో అందరూ గుమిగూడడం లేదు, కొమ్ము ఊదడం లేదు, చివర వేడి సూపు లేదు. ఎవరి చోటుకు వాళ్లు వెళ్లి, ఎవరి కారులో వాళ్లు తిరిగి రావాలి. ఆమె ఒక పందిని కొట్టారు. ఒక్కటే తూటా, నిలబడ్డ చోటనే పడింది. సాయంత్రం కిటికీ కింద నిలబడి, "ఒక్కటే, మాధవీ" అన్నారు. పరీక్ష పాసయిన పిల్లలా ఉంది ఆ గొంతు. కానీ అంతటితో ఆపి ఉంటే ఆమె సుగుణక్క కాదు. "ఇంకొకటి చెప్పాలె. పక్క మంచె మీద ఆయనకు మొదటిది సరిగ తగల్లేదు. ఆయన దగ్గర సెమీ ఆటోమేటిక్ ఉండె. ఊపిరి తీసుకునేలోపట రెండోది కొట్టిండు. పంది బాధపడలే. నా రైఫిలయితే బాధపడేది. అది గూడ రాసుకో జడ్జిగారూ" అన్నారు.

ఆమె సుఖంగా ఉన్న చివరి రోజు బహుశా అదే.

పాప చేతి సంగతి ఆ వేసవి నుంచీ ఆమెను అడుగుతూనే ఉన్నాను. ఇంత జరిగాక ఆమె ఒక్క మాట "మార్చకు" అంటే చాలు, అత్తయ్యకు ఆ మాట చెప్పేసి ఊపిరి పీల్చుకుందామని నా ఆశ. ఆమె అనలేదు. "అది నీ కేసు. నా చెయ్యి చూసి తీర్పు చెప్పకు. నేనొక్కదాన్నే సాక్షిని, ఒక్క సాక్షితోని కేసు నిలవదు" అనేవారు. నేను పట్టుబడితే చివరికి, "సరే, రెండు దిక్కుల వాదిస్త. ముందు చలికాలం రానీ, తీరిక దొరుకుతది" అన్నారు. చలికాలం వచ్చింది. ఆఫీసులో ఎవరి నుంచో ఆమెకు కోవిడ్ వచ్చింది. అంబులెన్సు వచ్చినప్పుడు మేము కిటికీ లోంచే చూశాం. ఆమె మెట్లు దిగుతూ పైకి చూసి చెయ్యి ఊపారు. మాస్కు వెనక నవ్వారో లేదో తెలియదు.

ఆస్పత్రి నుంచి ఫోన్ చేసేవారు. మాట మధ్యలో ఊపిరి ఆగేది. ఒకరోజు నేనేమీ అడగకుండానే, "ఇయ్యాల కోర్టు వెడదాం. నేను మీ అత్తగారి వకీల్ని" అన్నారు. వద్దు, అలిసిపోతారు అన్నాను. వినలేదు. ఆగి ఆగి వాదించారు.

"మా నాయనమ్మ తువ్వాల గట్టినప్పుడు... నేను ఆ ఇంటిదాన్ని అని తెలిసేది. అందరితోని ఒక్కతీరుగ తినుడు చిన్న విషయం గాదే. నలుగుర్ల కల్సిపోయే బిడ్డకు ఎవరూ... వేరేగ కంచం పెట్టరు. నేను ఇక్కడ ఇన్నేండ్లు ఒక్కదాన్నే తిన్న. వేరేగ ఉండుడు ఎంత బరువో నాకెరుక. మీ అత్తమ్మ పోరికి ఆ బరువు వద్దంటున్నది. గంతే. ఆమె తప్పు ఏమున్నది?"

నేను ఆ మాటలకు సిద్ధంగా లేను. ఏడ్చాను. అత్తయ్య పక్షాన అంత బలమైన మాట ఉందని నాకు తెలియదు. అత్తయ్యకూ తెలియదు.

"మరి రెండో వైపు?" అన్నాను.

"రేపు. మధ్యల ఒక నిద్ర వుండాలె. రేపు నేను పోరి వకీల్ని" అన్నారు.

మర్నాడు ఆమె ఫోన్ ఎత్తలేదు. మత్తిచ్చి వెంటిలేటర్ మీద పెట్టారని శ్రీనివాస్ గారి ద్వారా తెలిసింది. ఆ తర్వాత వచ్చిన ఫోన్ గురించి మొదట్లోనే రాశాను.

శ్మశానంలోకి కొద్దిమందినే రానిచ్చారు. సెప్ గారు పచ్చ టోపీ తీసి చేతిలో పట్టుకుని, ఆ ఒక్కరోజు మాస్కు సరిగ్గా పెట్టుకుని నిలబడ్డారు. ఖమ్మంలో వాళ్ల తమ్ముడు ఫోన్ తెరమీద చూశారు. తెర మధ్యలో ఆగిపోతే, నెట్‌వర్క్ వచ్చేదాకా ఆగమని నేను అక్కడి మనిషిని బతిమాలుకోవలసి వచ్చింది. ఆయన గడియారం చూసుకున్నారు. తర్వాతి వాళ్ల టెర్మిన్ ఉందట.

విద్వత్తు, ధైర్యం, నిష్పక్షపాతం అని పెద్ద పెద్ద మాటలతో ఆమెను కీర్తించవచ్చు. అవన్నీ నిజాలే. కానీ నాకు కావలసినవి అవి కావు. నిన్న అత్తయ్య మళ్లీ వీడియో కాల్‌లో అడిగారు, "ఏం చేశావమ్మా ఆ చెయ్యి సంగతి?" అని. సుగుణక్క ఆవిడ పక్షాన వాదించిన మాటలు ఉన్నవి ఉన్నట్టు ఆవిడకు చెప్పాను. అత్తయ్య చీర కొంగుతో కళ్లు తుడుచుకుని, "మరి ఇంకేం? తేలిపోయినట్టే కదా" అన్నారు.

"లేదత్తయ్యా. రెండో వైపు వాదన ఇంకా మిగిలి ఉంది" అన్నాను.

"ఎవరు చెబుతారమ్మా అది?"

ఆద్య నా పక్కన కూర్చుని పెరుగన్నం తింటోంది. తన వకీలు రాలేదని దానికి తెలియదు. ఆ వైపు ఇక నేనే వాదించాలి. ఆమెలా వాదించడం నాకు రాదు.